ఆ సిస్టరు పేరేమిటి?

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే మన సంఘాల్లో ఎక్కువగా వినిపించేవి ఆసుపత్రి సాక్ష్యాలే. జ్వరం ముదిరింది, ఆపరేషన్ అన్నారు, డాక్టర్లు చేతులెత్తేశారు, సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసింది, ప్రభువు లేపాడు! అందరం హల్లెలూయ అంటాం. ఆ సాక్ష్యంలో దేవుడుంటాడు, ఉండవలసిందే. ప్రార్థించిన పాస్టరుగారుంటారు. పెద్ద డాక్టరుగారు కూడా పేరుతో సహా ఉంటారు. ఆయన విదేశాల్లో చదివి వచ్చినవారైతే ఆ ముచ్చట కూడా చేరుతుంది. కానీ రాత్రి రెండు గంటలకు వాంతి శుభ్రం చేసిన ఆయమ్మ అందులో ఉండదు. భయపడి ఏడుస్తున్న రోగి తల నిమిరి, దుప్పటి సర్ది, తెల్లారేసరికి తగ్గుతుందమ్మా అని చెప్పి వెళ్లిన నర్సు ఉండదు. ఉన్నా 'ఒక సిస్టరు' అని మాత్రమే ఉంటుంది. ఆ సిస్టరు పేరేమిటంటే సాక్ష్యం చెప్పినవారికే తెలియదు. ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో ఎవరూ అడగలేదు మరి!

మహిమ దేవునికి చెల్లించాక మనుషుల పేర్లెందుకులే అని కొందరంటారు. వినడానికి భక్తిగానే ఉంటుంది. కానీ పరిశుద్ధ గ్రంథం అలా నడుచుకోలేదు.

యిర్మీయా ప్రవక్తను అధిపతులు పట్టుకొని చెరసాల ఆవరణలోని గోతిలోకి తాళ్లతో దించారు. అందులో నీళ్లు లేవు, బురద మాత్రమే ఉంది. ప్రవక్త ఆ బురదలో దిగబడిపోయాడు (యిర్మీయా 38:6). రాజనగరులో పనిచేసే కూషీయుడైన ఎబెద్మెలెకు ఆ సంగతి విన్నాడు. అతడు పరదేశి, నపుంసకుడు, కొలువులో సేవకుడు. అతని పేరుకే రాజు సేవకుడని అర్థం. అతడు రాజు దగ్గరికి వెళ్లి, ఆ మనుష్యులు చేసింది అన్యాయమని ముఖం మీదే చెప్పి, ముప్పైమందిని వెంటబెట్టుకొని బయలుదేరాడు. అయితే నేరుగా గోతి దగ్గరికి వెళ్లలేదు. ముందు ఖజానా కిందనున్న గదిలోకి వెళ్లి పాత గుడ్డపేలికలు, చిరిగిన బట్టలు ఏరుకున్నాడు. వాటిని గోతిలోకి దించి, ముందు ఇవి చంకల కింద పెట్టుకొని ఆ తరువాత తాళ్లు వేసుకొమ్మని ప్రవక్తకు చెప్పాడు (38:11-13). ప్రవక్తను దించినవారూ తాళ్లే వాడారు, పైకి లాగినవాడూ తాళ్లే వాడాడు. తేడా అంతా ఆ గుడ్డపేలికల్లోనే ఉంది. ఆకలితో, బురదతో నీరసించిన మనిషి చంకలు తాడుకు ఒరుసుకుపోతాయేమోనని ముందుగా ఆలోచించినవాడు ఆ నగరంలో అతనొక్కడే!

యెరూషలేము పతనం ముంగిట్లో ఉండగా దేవుడు ఆ సేవకునికి పేరుపెట్టి వర్తమానం పంపాడు. నిన్ను తప్పిస్తానని మాటిచ్చాడు. ఆ వర్తమానాన్ని చేరవేయమని ఎవరికి చెప్పాడో చూడండి. గోతిలోనుంచి బయటపడిన యిర్మీయాకే చెప్పాడు (39:15-18). అంటే మేలు పొందినవాడే మేలు చేసినవాణ్ణి వెదుక్కుంటూ వెళ్లాలన్నమాట.

అలాంటి గుడ్డపేలికల దయ మన దేశంలో ఒక ఆసుపత్రిలో దాదాపు 42 ఏళ్లపాటు ఆగకుండా నడిచింది. ముంబయిలోని కేఈఎం ఆసుపత్రి కార్పొరేషన్ నడిపే పెద్దాసుపత్రి. కర్ణాటకలోని హల్దీపూర్ నుంచి వచ్చి అక్కడ నర్సుగా పనిచేస్తున్న అరుణా శాన్‌బాగ్ మీద 1973 నవంబరు 27న అదే ఆసుపత్రిలో పారిశుధ్య పని చేసే వ్యక్తి అత్యాచారం చేశాడు. కుక్క గొలుసును ఆమె మెడకు బిగించాడు. మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె జీవచ్ఛవంలా మిగిలిపోయింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. ఆమె 2015 మే 18న న్యుమోనియాతో కన్నుమూసేవరకు ఆ ఆసుపత్రిలోనే, నాలుగో నెంబరు వార్డును ఆనుకొని ఉన్న చిన్న గదిలో, నర్సుల చేతుల మీద బతికింది.

ఆమెతో కలిసి డ్యూటీలు చేసిన నర్సులు రిటైరయ్యారు. తరువాత వచ్చినవారు ఆమె నడవగా, మాట్లాడగా ఎన్నడూ చూడనివారు. అయినా వారు ఆమెకు స్నానం చేయించారు, అన్నం మెత్తగా మెదిపి తినిపించారు, ఏటా పుట్టినరోజు చేశారు. 1980లలో మంచం ఖాళీ చేయించడానికి ఆమెను వేరే చోటికి తరలించాలని కార్పొరేషన్ వారు ప్రయత్నిస్తే నర్సులే అడ్డం తిరిగి ఆందోళన చేశారు. ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఉద్యోగంలో ఉండగా ఆమెను చూసుకున్న ఒక నర్సు, తాను రిటైరయ్యాక కూడా జీతం లేకుండా ఆ సేవ కొనసాగిస్తానని ముందుకొచ్చిన సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

2011 మార్చి 7న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును మన దేశం కారుణ్య మరణం తీర్పుగానే గుర్తుపెట్టుకుంది. ఆ చర్చ పెద్దది, అది ఇక్కడ మా పని కాదు. అయితే ఆ తీర్పులో ఎక్కువమంది చదవని భాగం ఒకటుంది. మంచం పట్టిన రోగికి వీపున, తుంటి దగ్గర పడే పుండ్లను ఆసుపత్రుల్లో బెడ్‌సోర్లంటారు. 37 ఏళ్లుగా పడకమీదే ఉన్న ఆ రోగి ఒంటిమీద అలాంటి పుండు ఒక్కటి కూడా పడలేదని న్యాయమూర్తులు రాశారు, కేఈఎం నర్సులను మనసారా కొనియాడారు.

ఇంట్లో పక్షవాతంతో పడిపోయిన పెద్దవారిని చూసుకున్నవారికి ఆ ఒక్క వాక్యం బరువెంతో తెలుస్తుంది. పుండు పడకుండా చూడాలంటే రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పాలి. తడి లేకుండా తుడవాలి. దుప్పటిలో ముడత లేకుండా లాగాలి. రోజుకు పన్నెండుసార్లు చొప్పున లెక్క వేస్తే నలభై ఒకటిన్నర ఏళ్లకు లక్షా ఎనభై వేలసార్లు దాటుతుంది. ఇది ఒక్క కరుణగల హృదయం చేయగల పని కాదు. షిఫ్టు మారేటప్పుడు ఒకరు మరొకరికి అప్పజెప్పాలి. చేతులకు శిక్షణ ఉండాలి. పండుగ రోజున కూడా ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలి. 'దయగల తల్లి' అని మనం ఒక్క మాటలో తేల్చేసేది నిజానికి నేర్చుకున్న విద్య, ఒళ్లు విరిగే చాకిరీ. అది తెలియకపోతే మన కృతజ్ఞత గాలిమాటగానే మిగులుతుంది.

ఆ కేసులో న్యాయమూర్తుల ముందు మరో ప్రశ్న వచ్చింది. మాట్లాడలేని ఆ రోగి పక్షాన మాట్లాడదగినవారెవరు? ఆమె జీవితం మీద పుస్తకం రాసి, ఆమె తరపున పిటిషన్ వేసిన రచయిత్రా? రాత్రింబవళ్లు చూసుకున్న ఆసుపత్రి సిబ్బందా? కోర్టు సిబ్బంది వైపే మొగ్గింది. నా పొరుగువాడెవడని ధర్మశాస్త్రోపదేశకుడు అడిగితే మన ప్రభువు కూడా ఇంచుమించు ఇలాంటి జవాబే ఇచ్చాడు (లూకా 10:29-37). గాయాలు కట్టినవాడే పొరుగువాడు.

ఆ ఉపమానం మీద మనం వినని ప్రసంగం లేదు. యాజకుణ్ణి, లేవీయుణ్ణి తప్పుపట్టి, సమరయుణ్ణి మెచ్చుకొని ఇళ్లకు వెళ్లిపోతాం. పూటకూళ్లవాని సంగతి ఎవరికి పట్టింది? సమరయుడు గాయాలు కట్టాడు, గాడిదమీద ఎక్కించాడు, ఒక్క రాత్రి చూసుకున్నాడు, మర్నాడు వెళ్లిపోయాడు. ఆ తరువాత రోజుల తరబడి ఆ గాయపడినవానికి గంజి కాచి పోసినది, కట్లు విప్పి కట్టినది ఆ పూటకూళ్లవాడే అయ్యుండాలి. ఈనాటి భాషలో చెప్పాలంటే అతడే వార్డు డ్యూటీ చేశాడు. సమరయుడు అతని భుజం తట్టి 'దేవుడు నిన్ను దీవించును గాక' అని వెళ్లిపోలేదు. రెండు దేనారములు తీసి చేతిలో పెట్టాడు. ద్రాక్షతోట ఉపమానం ప్రకారం ఒక దేనారము ఒక కూలివాని రోజు కూలి (మత్తయి 20:2). అంటే రెండు రోజుల కూలి ముందుగానే ఇచ్చాడు. ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు తీరుస్తానని మాట కూడా ఇచ్చాడు. ఇంకొకరు చేసే సేవకు వెల ఉంటుందని గుర్తించడం కూడా ప్రేమలో భాగమేనని ప్రభువు ఆ రెండు నాణేలతో చూపించాడు.

ఇక్కడ మన చదువరుల్లో చాలామంది అడ్డు తగులుతారని తెలుసు. దయగల సిస్టర్లా? ఎక్కడున్నారండీ? స్ట్రెచరు తొయ్యాలంటే చెయ్యి తడపాలి, బిడ్డ పుడితే మగబిడ్డకో రేటు, ఆడబిడ్డకో రేటు, కసురుకోకుండా సమాధానం చెప్పేవారు లేరు అంటారు. నిజమే. ప్రసూతి వార్డు గుమ్మంలో బీదవాడి జేబు ఖాళీ చేయడం పాపమే, దాన్ని మేము సమర్థించడం లేదు. బాప్తిస్మమిచ్చు యోహాను తన దగ్గరికి వచ్చిన సైనికులతో ఎవరినీ పీడించవద్దని, జీతంతో తృప్తి పడాలని చెప్పాడు (లూకా 3:14). కానీ అదే గ్రంథంలో యాకోబు, పనివారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని, ఆ మొర ప్రభువు చెవుల్లో పడిందని రాశాడు (యాకోబు 5:4). మొదటి మాటను ఆయమ్మకు వినిపించి, రెండో మాటను యజమానికి వినిపించకుండా దాచడం ఏ న్యాయం? మరొక్క సంగతి. అరుణను నాశనం చేసినవాడూ ఆసుపత్రి పనివాడే, ఆమెను నిలబెట్టినవారూ ఆసుపత్రి పనివారే. ఒకే కప్పు కింద రెండూ జరిగాయి. కాబట్టి 'ఆసుపత్రివాళ్లంతా అంతే' అన్న మాట ఎటువైపు అన్నా అబద్ధమే.

2020 మార్చి 22 సాయంత్రం ఐదు గంటలకు దేశమంతా గుమ్మాల్లో నిలబడి చప్పట్లు కొట్టింది, పళ్లాలు మోగించింది. మే 3న సైనిక హెలికాప్టర్లు కోవిడ్ ఆసుపత్రుల మీద పూలు చల్లాయి. మన చర్చిల్లో కొన్ని గంటలు కూడా మోగించాయి. ఆ కృతజ్ఞత అబద్ధమని మేమనం. చావుకు ఎదురెళ్లినవారిని చూసి దేశం కళ్లనీళ్లు పెట్టుకుంది. కానీ ఆ చప్పట్లు కొట్టి నాలుగు నెలలు తిరగకముందే, జూలైలో, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో ఔట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్న నర్సులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం విధులు బహిష్కరించి బయట కూర్చోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనే దేశంలో చాలాచోట్ల వైద్య సిబ్బందిని అద్దె ఇళ్లలోనుంచి ఖాళీ చేయమన్నారు. సాయంత్రం చప్పట్లు కొట్టిన చేతులే పొద్దున్న తలుపు వేసేశాయి. ఆ వీధుల్లో మన విశ్వాసుల ఇళ్లు లేవని అనుకోగలమా?

కేఈఎం నర్సుల కథను మనం భక్తి కథగా చెప్పుకోవడంలో ఒక ప్రమాదముంది. 42 ఏళ్ల ఆ సేవ ఎలా సాధ్యమైందో గమనించాలి. వారు కార్పొరేషన్ ఉద్యోగులు. రేపు ఏజెన్సీవాడు తీసేస్తాడన్న భయం లేకుండా, తరలింపును ఎదిరించి నలుగురూ కలిసి నిలబడగలిగారు. 1973లో అరుణ మీద దాడి జరిగినప్పుడు కూడా ముంబయి నర్సులు సమ్మె చేసి ఆమెకూ తమకూ రక్షణ అడిగారు. పదకొండు నెలల కాంట్రాక్టు మీద, ఎప్పుడు పిలుస్తారో ఎప్పుడు మానేయమంటారో తెలియని నర్సు అలా నిలబడగలదా? దయ మనసులోనే పుడుతుంది, కాదనం. అది నలభై ఏళ్లు బతకాలంటే కాళ్ల కింద నేల కావాలి.

ఆ నేల ఎంత ఉందో చూస్తే బాధ కలుగుతుంది. బోధనాసుపత్రుల సాధారణ వార్డుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. మన ప్రభుత్వాసుపత్రి వార్డులో ఒక్క రాత్రి గడిపినవారికి ఈ లెక్క చెబితే నవ్వుతారు. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి చూడమని సుప్రీంకోర్టు 2016 జనవరి 29న కేంద్రాన్ని ఆదేశిస్తే, ఒక నిపుణుల కమిటీ ఏర్పడింది. 50 పడకలలోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సులతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. కేరళలో నర్సులు పదే పదే రోడ్డెక్కాక 2018 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం 20,000ను కనీస మూలవేతనంగా నోటిఫై చేసింది. అక్కడ కూడా పోరాటం లేకుండా అది రాలేదు.

ఇక భద్రత మాటకొస్తే, 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలి మీద అత్యాచారం, హత్య జరిగాక సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టి, అరుణా శాన్‌బాగ్ పేరును మళ్లీ తలచుకుంది, జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను వేసింది. 1973కూ 2024కూ మధ్య 51 సంవత్సరాలు! నైట్‌డ్యూటీ ముగించుకొని చీకట్లో బస్టాపుకు నడిచే సిస్టరు కోసం మన సంఘాల మధ్యవర్తిత్వ ప్రార్థనల్లో ఒక్క అంశమైనా ఉంటోందా?

ఈ మాటలు ముందుగా క్రైస్తవులకే చెప్పుకోవాలి. ఎందుకంటే ఈ దేశంలో నర్సింగ్ అనే వృత్తిని నిలబెట్టిన ఇళ్లలో మన ఇళ్లు ముందున్నాయి. ఇతరుల మలమూత్రాలు, రక్తం ముట్టడం మైలగా భావించిన రోజుల్లో మిషన్ ఆసుపత్రుల్లో తర్ఫీదు పొంది ఆ పనికి ముందుకొచ్చినవారిలో పేద క్రైస్తవ ఆడపిల్లలు, వితంతువులు ఎందరో. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆమె పేరు మన పుస్తకాల్లో ఉంది. ఆమె పక్కన నిలబడి వేడినీళ్లు మోసిన, గుడ్డలు ఉతికిన, బాలింతలను కనిపెట్టుకున్న తెలుగు స్త్రీల పేర్లు మనలో ఎందరికి తెలుసు? తన కుటుంబానికి ఆ ఆసుపత్రిలో జరిగిన మేలుకు కృతజ్ఞతగా ఏలూరు రాజావారు రోగుల బంధువులు తలదాచుకోవడానికి సత్రం కట్టించారు. ఆయన క్రైస్తవుడు కాదు. అయినా కృతజ్ఞతను ఎక్కడ ఖర్చుపెట్టాలో ఆయనకు తెలిసింది. ఆసుపత్రి మీద భారం తగ్గింది, వరండాల్లో పడుకునే పేదలకు ఓ కప్పు దొరికింది.

ఇప్పుడు మన సంఘాల్లో ఏటా మే 12న నర్సుల దినోత్సవానికి దగ్గరలో వచ్చే ఆదివారం కొన్నిచోట్ల నర్సులను ముందుకు పిలిచి శాలువాలు కప్పుతున్నారు. మంచిదే, ఆ శాలువాలు మానేయమని మేము చెప్పం. అయితే నాలుగు ప్రశ్నలు కూడా ఆ రోజే అడగవచ్చు. మన డయాసిస్‌లు, మిషన్ ట్రస్టులు నడిపే ఆసుపత్రుల్లో, మన సంఘ పెద్దల సొంత నర్సింగ్ హోముల్లో సిస్టరుకు ఎంత ఇస్తున్నారు? ఆ 20,000 లెక్క దగ్గరికైనా వచ్చిందా? ప్రసూతి సెలవు పెడితే ఉద్యోగం ఉంటుందా? 'ఇది సేవమ్మా' అనే మాటను జీతానికి బదులు వాడుతున్నారా? సేవ అన్న మాట చేసేవారి నోట వస్తే అది అర్పణ. జీతం ఇవ్వవలసినవారి నోట వస్తే మాత్రం అనుమానించాల్సిందే.

ఆసుపత్రి ఆస్తులకు సంబంధించిన తగాదాల మీద మన మహాసభల్లో గంటల తరబడి వాదనలు నడుస్తాయి. జీతాల పట్టీ చూపించమని అడిగే హక్కు కూడా సభ్యులకు అంతే ఉంది. దానికి తీర్మానం కావాలి, సంతకాలు కావాలి, కొంత ధైర్యం కూడా కావాలి. పేరు అడగడానికైతే ఎవరి అనుమతీ అక్కరలేదు. నర్సు పేరు చాలాచోట్ల బ్యాడ్జీ మీదే రాసి ఉంటుంది. ఆయమ్మను మాత్రం ప్రత్యేకంగా అడగాలి. ఆమె యూనిఫాం మీద ఉండేది ఏజెన్సీ పేరు.